కొత్త వీఎంసీ (కంప్యూటర్‌తో నడిచే మిల్లింగ్ మెషీన్) వస్తోంది, మెషీన్ల మధ్య ఎంత సందు వదలాలి?

చర్లపల్లి_జాబ్‌వర్క్

అందరికీ నమస్కారం. చర్లపల్లి ఇండస్ట్రియల్ ఏరియాలో మాకు ఒక జాబ్‌వర్క్ షెడ్డు ఉంది. నాన్నగారు రెండు లేత్‌లతో మొదలుపెట్టారు, ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. షెడ్డు లోపలి కొలత 60 అడుగుల పొడవు, 40 అడుగుల వెడల్పు. ముందు గోడకు షట్టర్. వెనక గోడకు ఎడమ మూలన చిన్న తలుపు, దాని అవతల కుళాయి, బాత్‌రూమ్.

లోపల ఇప్పుడున్నవి రెండు సీఎన్‌సీ లేత్‌లు, ఒక వీఎంసీ, నాన్నగారి కాలం నాటి ఆరడుగుల లేత్ ఒకటి, హైడ్రాలిక్ సర్ఫేస్ గ్రైండర్, 50 టన్నుల పవర్ ప్రెస్, రాడ్లు కోసే బ్యాండ్‌సా. కంప్రెసర్ బయట రేకుల కింద ఉంది. పగటి షిఫ్టులో 12 మంది పనిచేస్తారు.

వచ్చే నెల ఇంకో వీఎంసీ దిగుతోంది. స్థలం చూడ్డానికి వచ్చిన ఇంజినీరు వెనక రెండడుగులు, పక్కల రెండడుగులు వదిలితే చాలన్నాడు. ఆయన చెప్పినట్టు పెడితే పాత లేత్‌ను పవర్ ప్రెస్ దగ్గరికి జరపాలి. లేత్ మీద పనిచేసే పెద్దాయన్ని మా దగ్గర అందరూ మామయ్య అంటారు. ఆయన "అట్లయితే నేను రాడ్డు ఏ దిక్కు నుంచి ఎక్కియ్యాలె?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

ఇంకో సంగతి. గ్రైండర్ ఎడమ గోడకు దగ్గరగా ఉంది. ముందుకూ వెనక్కూ కదిలే దాని టేబుల్ పూర్తిగా బయటికి వచ్చినప్పుడు గోడకూ దానికీ మధ్య అడుగుకు కాస్త పైన మిగులుతుంది. అక్కడ ఎవరికీ పని లేదు, కానీ కుళాయి దగ్గరికి అదే దగ్గరి దారి కాబట్టి మనుషులు అటే పోతుంటారు. ఇంతవరకూ ఏమీ కాలేదు. కొత్త మెషీన్ వచ్చేలోపు అంతా ఒకసారి సరిచేయాలని ఉంది. మెషీన్‌కూ మెషీన్‌కూ మధ్య, మెషీన్‌కూ గోడకూ మధ్య ఎంత ఉండాలో చట్టంలో లెక్క ఏదైనా ఉందా? లేకపోతే మీరంతా ఎట్లా నిర్ణయిస్తారు?

బాలానగర్_టూల్‌రూమ్

మూడడుగులు పెట్టుకోండి బ్రదర్. మా దగ్గర అన్నిచోట్లా అంతే. పైగా మీరు 12 మందే కదా. కార్మికుల భద్రత మీద వచ్చిన కొత్త కోడ్ ప్రకారం కరెంటుతో నడిచే చోట 20 మంది ఉంటేనే ఫ్యాక్టరీ. టెన్షన్ పడకండి.

మెయింటెనెన్స్_ఫోర్‌మన్

తమ్ముడూ, ముందు మీ గ్రైండర్ సంగతి. ఈ జవాబులో మిగతాది తర్వాత చదువుకోవచ్చు, ముందు వెళ్లి ఆ గోడ పక్క సందును రెండు వైపులా మూసేయండి. పైపులతో కంచె కట్టించడానికి టైం పడుతుందంటే, అది తయారయ్యేదాకా ఆ గ్రైండర్‌ను ఆపి ఉంచండి.

ఎందుకంటున్నానో చెబుతాను. నేను పనిచేసిన ఒక షాపులో పెద్ద ప్లేనర్ (టేబుల్ ముందుకూ వెనక్కూ కదులుతుంటే దాని మీది ఇనుమును చెక్కే మెషీన్) ఉండేది. టేబుల్ పూర్తిగా వెనక్కి వచ్చినప్పుడు దాని చివరకూ షెడ్డు స్తంభానికీ మధ్య, మనిషి పక్కకు తిరిగి ఒదిగితే పట్టేంత సందు. రాత్రి షిఫ్టులో ఒక హెల్పర్ స్తంభం పక్కన ఆనించిన చీపురు తీసుకోవడానికి వెళ్లాడు. టేబుల్ అవతలికి పోతున్నప్పుడు చూస్తే అక్కడ బోలెడంత చోటు కనిపిస్తుంది. ప్లేనర్‌కు కటింగ్ స్ట్రోకు నెమ్మది, తిరుగు స్ట్రోకు వేగం. అబ్బాయి చీపురు చేతిలోకి తీసుకుని ఇటు తిరిగేసరికి టేబుల్ వచ్చేసింది. తుంటి ఎముక విరిగింది. బతికాడు గానీ, నిలబడి చేసే పనికి మళ్లీ రాలేకపోయాడు. ఆపరేటర్ అవతలి వైపు నిలబడి టూల్ చూసుకుంటున్నాడు. అక్కడి నుంచి అతనికి ఆ మూల కనిపించదు.

ఆ సందు బెత్తెడే ఉంటే అబ్బాయి దూరేవాడే కాదు. మూడడుగులు ఉంటే టేబుల్ అతన్ని తాకేదే కాదు. మనిషి దూరగలిగి, మసలలేని సందే మనిషిని నలిపేస్తుంది. అందుకే ఎవరైనా నన్ను "ఎంత వదలాలి" అని అడిగితే నేను తిరిగి ఒకటే అడుగుతాను: ఈ సందులోకి ఎవరు వస్తారు, ఏం పని మీద వస్తారు? ఎవరూ రానక్కర్లేదంటే దూరలేనంతగా మూసేయాలి. రావాలంటే చేతిలో సామానుతో మసలగలిగేంత తెరవాలి. ఈ రెంటికీ మధ్య ఉన్న కొలత దేన్నీ షెడ్డులో ఉంచకూడదు.

ఇది నా సొంత సిద్ధాంతం కాదు, నిబంధనలు కూడా ఇదే దారిలో ఉన్నాయి. 1948 ఫ్యాక్టరీల చట్టంలో (2025 నవంబర్‌లో కొత్త కోడ్ దాని స్థానంలోకి వచ్చింది) మెషీన్‌కూ మెషీన్‌కూ మధ్య ఇంత అని అన్నిటికీ వర్తించే అంకె ఉండేది కాదు. కానీ 25వ సెక్షన్ అచ్చంగా మీ గ్రైండర్ లాంటి వాటి కోసమే రాశారు. తనంతట తాను ముందుకూ వెనక్కూ కదిలే భాగం గానీ, దాని మీదున్న సరుకు గానీ, మనుషులు తిరిగే అవకాశం ఉన్న చోట, మెషీన్‌కు చెందని గోడకో స్తంభానికో 45 సెంటీమీటర్ల లోపలికి రాకూడదని అందులో ఉండేది. మీకు అడుగుకు కాస్త పైన అంటున్నారు. అడుగంటే 30 సెంటీమీటర్లే. అంటే మీ గ్రైండర్ ఇప్పటికే ఆ గీత దాటి ఉంది.

ఐఎస్ఓ 13854 అని ఒక ప్రమాణం ఉంది. కదిలే భాగాల మధ్య ఏ అవయవం నలగకుండా ఉండాలంటే ఎంత ఖాళీ మిగలాలో అది చెబుతుంది. మొత్తం శరీరానికి 500 మిల్లీమీటర్లు, తలకు 300, కాలికి 180, పాదానికి 120, చేతికి 120, పిడికిలికి 100, వేలికి 25. టేపు పట్టుకుని మీ షెడ్డంతా ఈ అంకెలతో ఒకసారి తిరగండి. కదిలేది ఏదైనా ఉన్నచోట 500 కంటే తక్కువ సందు కనబడి, అందులోకి మనిషి దూరగలడంటే అక్కడ కంచె పడాల్సిందే.

బాలానగర్ మిత్రుడు చెప్పిన 20 మంది లెక్క 2020 కోడ్‌లో ఫ్యాక్టరీ నిర్వచనానికి సరైనదే. 2025 నవంబర్ 21 నుంచి ఆ కోడ్ అమల్లోకి వచ్చింది. అయితే పది మంది పనిచేసే చోటు అదే కోడ్‌లో ఎస్టాబ్లిష్‌మెంట్ అవుతుంది. 12 మందితో మీరు దాని పరిధిలోనే ఉన్నారు, యజమాని బాధ్యతలు మీకూ ఉంటాయి.

మూడడుగులు కూడా అన్నిచోట్లా పనికిరాదు. వీఎంసీ వెనక ఎలక్ట్రికల్ క్యాబినెట్ తలుపు రెండున్నర అడుగుల వెడల్పు ఉందనుకోండి. మూడడుగుల సందులో ఆ తలుపు తెరిస్తే మిగిలేది అరడుగు. డ్రైవ్ మార్చడానికి వచ్చినవాడు గోడకు అతుక్కుని, తలుపు భుజానికి తగులుతుండగా, లైవ్ ప్యానెల్‌లో చెయ్యి పెట్టి వెతుక్కుంటాడు. ఆ ఇంజినీరును ఒక ప్రశ్న అడగండి: రెండడుగులు అన్నది మూసిన తలుపు నుంచా, తెరిచిన తలుపు నుంచా? కంపెనీ దగ్గర లేఅవుట్ డ్రాయింగ్ ఉంటుంది, అడిగి తెప్పించుకోండి. అందులో మెషీన్ చుట్టూ మెయింటెనెన్స్ కోసం వదలాల్సిన స్థలం గీసి ఉంటుంది. చిప్ కన్వేయర్ (కోసిన ఇనుప తునకలను బయటికి మోసేది) ఎటు బయటికి వస్తుంది, దాని కింద తొట్టి ఎక్కడ పెడతారు, కూలెంట్ (మెషీన్‌ను చల్లబరిచే ద్రవం) ట్యాంకు ఎటు లాగుతారు అనేవి అందులో చూసి, అప్పుడు మీ కొలత వేసుకోండి.

మీ మామయ్య అడిగింది మంచి ప్రశ్న. ఆయన అడిగింది ఎక్కించడం గురించి. నేను దానికి ఇంకోటి కలుపుతాను. హెడ్‌స్టాక్ (లేత్‌లో రాడ్డును పట్టుకుని తిప్పే వైపు) వెనక నుంచి బయటికి వచ్చే రాడ్డు స్పిండిల్‌తో, అంటే తిరిగే ఇరుసుతో పాటే తిరుగుతుంది. సన్న రాడ్డు పొడుగ్గా వదిలేసి స్పీడు పెంచితే ఒక్కసారిగా వంగి, చుట్టూ కొరడాలాగా కొడుతుంది. పక్కన ప్రెస్ మీద ఎవరైనా కూర్చుని ఉంటే? ఆ పాత చట్టంలో 21వ సెక్షన్ లేత్ హెడ్‌స్టాక్ దాటి బయటికి వచ్చిన రాడ్డుకు కంచె ఉండాలని పేరు పెట్టి మరీ చెప్పింది. రాడ్డుకు పూర్తి పొడవునా స్టాండు మీద గొట్టం అమర్చండి. ఆ గొట్టం చివరిదాకా లేత్ పొడవే అనుకుని స్థలం లెక్కవేయండి. లేత్‌ను గోడకు సమాంతరంగా పెట్టాలని కూడా ఏమీ లేదు. కాస్త ఏటవాలుగా తిప్పితే రాడ్డు చివర పక్క ఆపరేటర్ వైపు కాకుండా ఖాళీ గోడ వైపు చూస్తుంది.

ప్యానెల్_లైసెన్స్

ఫోర్‌మన్ గారు చెప్పిన మాటే కరెంటు నిబంధనల్లో ఇంకా సూటిగా ఉంటుంది. స్విచ్‌బోర్డు ముందు కనీసం ఒక మీటరు ఖాళీ ఉండాలి. బోర్డు వెనక కనెక్షన్లు బయటికి ఉంటే, వెనక ఖాళీ 20 సెంటీమీటర్ల కంటే తక్కువైనా ఉండాలి, 75 కంటే ఎక్కువైనా ఉండాలి. 20 లోపు మనిషి దూరలేడు, 75 పైన నిలబడి పనిచేయగలడు. మధ్య కొలత ఒప్పుకోరు. 75 దాటితే అక్కడికి ఏదో ఒక చివర నుంచి 1.8 మీటర్ల ఎత్తు దాకా అడ్డం లేని దారి ఉండాలి. ఈ కొలత గోడ నుంచి బోర్డు ఫ్రేముకు కాదు, బోర్డులో అన్నిటికంటే బయటికి పొడుచుకొచ్చిన భాగానికి వేయాలి.

మీ మెయిన్ ప్యానెల్ ఎక్కడుంది? ముందు ఏం పెట్టారు? చాలా షెడ్లలో ఆ మీటరు ఖాళీ అట్టపెట్టెలకు గోదాము అయిపోతుంది. మంట లేచినప్పుడు మెయిన్ ఆపాలంటే ముందు పెట్టెలు జరపాల్సి వస్తుంది.

చర్లపల్లి_జాబ్‌వర్క్

ఫోర్‌మన్ గారూ, గ్రైండర్ ఆపేశాను. పక్క సందుకు రెండు వైపులా పైపు కంచె వెల్డింగ్ చేయిస్తున్నాను. మనవాళ్లు కుళాయికి చుట్టూ తిరిగి పోవాల్సి వస్తోందని సణుగుతున్నారు, పర్లేదు.

ప్యానెల్ వెనక గోడకే ఉంది, గోడకు ఆనుకుని. వెనక్కి ఎవరూ పోలేరు. ముందు మాత్రం గ్రైండర్ కూలెంట్ ట్యాంకు రెండడుగుల దూరంలో ఉంది. అది జరపాలి.

వీఎంసీ డ్రాయింగ్ తెప్పించాను. క్యాబినెట్ తలుపు 28 అంగుళాలు, చిప్ కన్వేయర్ కుడివైపు వస్తుంది. మీరన్నట్టు అన్నీ కలిపి కాగితం మీద గీస్తే కొత్త మెషీన్‌కు చోటు చాలడం లేదు. ప్రెస్సో, పాత లేతో బయటికి పోవాలి. ప్రెస్ మీద మాకు నెలనెలా వచ్చే ఆర్డర్ ఉంది. లేత్ అమ్ముదామంటే నాన్నగారు ఒప్పుకోరు, మామయ్యకు కూడా అదే పని వచ్చు. ఎక్కడ మిగిలించాలో తోచడం లేదు.

ప్రెస్‌షాప్_అక్క

నేను ప్రెస్ మీద పనిచేస్తాను. ఇంతసేపూ మెషీన్ల కొలతలు మాట్లాడారు. మెషీన్ ముందు నిలబడేవాళ్ల కొలత కూడా వేయండి తమ్ముడూ.

నేను కూర్చుంటే ఎడమ చేతి పక్క బ్లాంకుల (ప్రెస్‌లో పెట్టాల్సిన ముక్కల) క్రేటు, కుడి పక్క అయిపోయిన పీసుల క్రేటు, కింద స్క్రాపు తొట్టి, వెనక స్టూలు. క్రేటు నిండితే హెల్పర్ వచ్చి నా పక్క నుంచి వంగి ఎత్తుతాడు. వంగినవాడికి నిలబడినవాడి కంటే రెట్టింపు చోటు కావాలి. డ్రాయింగ్‌లో ప్రెస్ మాత్రమే ఉంటుంది, ఇవేవీ ఉండవు.

అన్నిటికంటే ముఖ్యం, నడిచే దారి ఆపరేటర్ వీపు వెనక నుంచి పోనివ్వకండి. ఇంతకుముందు నేను చేసిన ఒక యూనిట్‌లో నా వెనకే ట్రాలీ దారి. ట్రాలీ చప్పుడు వినబడగానే తల అటు తిరిగేది, చేతులు మాత్రం అలవాటు కొద్దీ డై (ముక్కను నొక్కే అచ్చు) దగ్గరే ఉండేవి. ఒకసారి ట్రాలీ మూల నా స్టూలును గుద్దింది, నేను ముందుకు తూలి డై కూర్చునే పలక, బోల్స్టర్ మీద చెయ్యి ఆనించాను. ఆ క్షణాన ర్యామ్ (కిందికి దిగి నొక్కే భాగం) పైన ఉంది కాబట్టి వేళ్లు దక్కాయి. ఆ తర్వాత అక్కడ దారి మార్చమని అడిగితే, చోటు లేదన్నారు. చోటు లేదు అనే మాట మీ షెడ్డులో ఎవరితోనూ అనకండి. మెషీన్ ఒకటి తగ్గించుకోండి, లేకపోతే దారి మార్చండి.

మెయింటెనెన్స్_ఫోర్‌మన్

అమ్మా, మీరు చెప్పింది ఈ చర్చలో అందరికంటే విలువైన మాట. తమ్ముడూ, ప్రెస్‌ను తిప్పి ఆపరేటర్ వీపు గోడ వైపు వచ్చేలా పెట్టండి, దారి ఎదురుగా కనబడేలా. వెనక స్టూలు జరిగి, మనిషి లేచి నిలబడేంత చోటు వదలండి.

ఇక చోటు సంగతి. మీ షెడ్డులో చోటంతా తింటున్నది వీఎంసీ కాదు, బ్యాండ్‌సా. మార్కెట్లో రాడ్డు 6 మీటర్ల పొడుగు వస్తుంది. అంటే ఒకవైపు రోలర్ల మీద 20 అడుగులు, అవతల కోసిన ముక్క పడే చోటు, రాడ్డును లోపలికి తిప్పడానికి ఇంకొంత. 60 అడుగుల షెడ్డులో సగానికి దగ్గర అది ఒక్కటే పట్టుకుంది. రోజులో ఎంతసేపు నడుస్తుంది? దాన్ని కంప్రెసర్ ఉన్న రేకుల కిందికి పంపండి, రాడ్లు గోడ పొడవునా బయటే ఉంటాయి. మోటారు తడవకుండా, రాత్రి వెలుతురు ఉండేలా చూసుకోండి. లేకపోతే ఇనుము కొనేచోటే కొలతకు కోయించి తెచ్చుకోండి. కోత కూలీ కొంత పడుతుంది, కానీ పొడుగు రాడ్లు లోపల భుజాల మీద తిప్పే పని మొత్తం పోతుంది. ఆ తిప్పడంలో ఎవరి తలకు ఎప్పుడు తగులుతుందో చెప్పలేం. లేత్‌ను, మామయ్యను ఉంచుకోండి.

ఆ పాత చట్టంలో మనిషికి 14.2 ఘనపు మీటర్ల జాగా అనే లెక్క ఒకటి ఉండేది, 4.2 మీటర్ల ఎత్తు దాకానే లెక్కలోకి తీసుకునేవారు. మీ షెడ్డుకు అది వేసి చూశాను, 65 మంది దాకా పడతారు. ఆ అంకెను చూసి చోటు చాలా ఉందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. అది గాలికి సంబంధించిన లెక్క, రాడ్డు ఎటు తిరుగుతుందో దానికి తెలియదు.

షట్టర్ నుంచి వెనక తలుపు దాకా ఒకే తిన్నటి దారి ముందు గీయండి, మెషీన్లు తర్వాత. చేత్తో లాగే ప్యాలెట్ ట్రాలీ ఫోర్కులు 685 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటాయి, 550వి కూడా దొరుకుతాయి. దాని పక్కన మనిషి నడవాలి. నేనైతే మెయిన్ దారికి నాలుగడుగుల కంటే తక్కువ ఎప్పుడూ ఒప్పుకోలేదు, మలుపుల దగ్గర ఇంకా ఎక్కువే అడిగాను. అది చట్టం అంకె కాదు, నా తీర్పు.

కాగితం మీద ఎంత గీసినా నేల మీద గీయకుండా ఫైనల్ చేయకండి. సెలవు రోజు సుద్దముక్క తీసుకుని ప్రతి మెషీన్‌ను దాని పూర్తి సైజులో గీయండి. పూర్తి సైజంటే తలుపులు తెరిచి, టేబుల్ చివరిదాకా తెచ్చి, రాడ్డు గొట్టం కలిపి, కన్వేయర్ కింద తొట్టి పెట్టి. క్రేట్లు, స్టూళ్లు నిజంగానే తెచ్చి పెట్టండి. మామయ్యను లేత్ గీత ముందు నిలబెట్టి రాడ్డు ఎక్కించినట్టు చేయమనండి. ఇద్దరు హెల్పర్లను నిండు క్రేటు పట్టుకుని ఎదురెదురుగా నడిపించండి. ఎవరైనా పక్కకు ఒదిగారంటే ఆ చోట గీత చెరిపి మళ్లీ గీయండి. ఏ ఆపరేటరైనా ఒక్క అడుగు కూడా వేయకుండా ఎమర్జెన్సీ స్టాప్ అందుకోగలడో లేదో అప్పుడే చూడండి.

చర్లపల్లి_జాబ్‌వర్క్

ఆదివారం సుద్ద గీతలు గీశాం. ప్రెస్ చేసే అమ్మాయిని కూడా పిలిచాను, అక్క చెప్పినట్టు క్రేట్లు పెట్టించాను. కొత్త వీఎంసీ వెనక ఇంజినీరు చెప్పిన రెండడుగులకు బదులు ఐదడుగులు వచ్చింది, క్యాబినెట్ తలుపు పూర్తిగా తెరిచినా మనిషి నిలబడుతున్నాడు. బ్యాండ్‌సా బయటికి పోతోంది. రేకులు ఇంకో పదడుగులు పొడిగించడానికి మేస్త్రీని మాట్లాడాను. మామయ్య లేత్‌ను తనే ఏటవాలుగా గీయించుకున్నాడు, రాడ్డు చివర ఖాళీ గోడ వైపు వచ్చింది.

ఒకటే చిక్కు మిగిలింది. గ్రైండర్ కూలెంట్ ట్యాంకు జరిపితే పైపు పొడవు చాలడం లేదు. గ్రైండర్‌నే గోడ నుంచి ఇవతలికి లాగి తిప్పి పెడితే ప్యానెల్ ముందు మీటరు వస్తుంది, కానీ టేబుల్ చివర మెయిన్ దారి వైపు వస్తుంది.

ప్యానెల్_లైసెన్స్

గ్రైండర్ తిప్పకండి. ట్యాంకు నుంచి పొడుగు హోస్ వేయించుకోండి, పంపు సరిపోతుందో లేదో ఒకసారి చూపించుకోండి. హోస్ ఖర్చు ఎంతో ఉండదు. దారి వైపు వచ్చే టేబుల్‌కు మళ్లీ కంచె కట్టాలి, ఆ కంచె మళ్లీ దారిని తింటుంది.

మెయింటెనెన్స్_ఫోర్‌మన్

అదే సరైనది. హోస్ నేల మీద దారికి అడ్డంగా పోకుండా గోడ వెంబడి క్లాంపులతో బిగించండి. గోడ పక్క కంచెకు గేటు పెట్టవద్దు. ట్రాక్ శుభ్రం చేయడానికి లోపలికి పోవాలంటే బోల్టులు విప్పి కంచె తీసేలా ఉంచండి, విప్పేముందు గ్రైండర్ మెయిన్ ఆపి తాళం వేసి, ఆ తాళంచెవి లోపలికి వెళ్లేవాడి జేబులో ఉండాలి.